వదిన వంటా, వగరు వైనూ

ఆ కొండవాలు మీద పండే నల్లద్రాక్షతో చేసే ఎర్ర వైన్‌కి అక్కడివాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు గయ్యాళి. ముద్దుపేరేనండీ, అందులో అనుమానం లేదు. సొంత కూతురి నోటిదురుసు గురించి తల్లి మురిపెంగా చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు దాని సంగతి. ఉత్త గ్లాసులో పోసుకుని ఒక్క గుక్క వేశారా, అయిపోయారే! బుగ్గలు లోపలికి లాక్కుపోతాయి, పళ్ళు జివ్వుమంటాయి, నాలుక గరుకెక్కి కూర్చుంటుంది. వగరంటే అలాంటిలాంటి వగరు కాదు. "ఇదేం వైనండీ బాబూ" అని కొత్తవాళ్ళు గ్లాసు దూరంగా జరిపితే, అక్కడివాళ్ళు నవ్వి ఆ గ్లాసు పక్కనే ఒక పళ్ళెం పెడతారు.

పళ్ళెంలో ఏముండాలో కూడా దానికి పట్టింపే. కొవ్వు కరిగి ఎముక ఊడొచ్చేదాకా ఉడికిన మాంసం ఉండాలి. లేదా నిప్పుల మీద కాల్చి, నూనె పోసి మెదిపిన వంకాయ. అదీ లేకపోతే ఏడాదిపాటు మాగి గట్టిపడిన ఉప్పటి చీజ్ ముక్క. వాటితో రెండు ముద్దలు తిని మళ్ళీ గుక్క వేస్తే, ఇంతసేపూ కయ్యానికి కాలుదువ్విన వైన్ కాస్తా బుద్ధిగా గొంతు దిగుతుంది. అప్పుడు తెలుస్తుంది దాని అసలు రుచి. చేప పెట్టారా, ఇనుపచువ్వ నాకినట్టుంటుంది. మిఠాయి పెట్టారా, ఆ మిఠాయీ పోతుంది, ఈ వైనూ పోతుంది.

అలాంటి గయ్యాళిని ముప్పై ఎనిమిదేళ్ళుగా దారిలో పెడుతున్న మనిషి అక్కడి ఓ చిన్న వైనరీలో వంటావిడ. అందరూ ఆమెని వదిన అనే పిలుస్తారు. నిజానికి ఆమె వదిన ఒక్కడికే. ఆమె భర్త తమ్ముడు, ఆ వైనరీలో వైన్ రుచి చూసి ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని తేల్చేవాడు. అతను "వదినా, వదినా" అని ఎన్నేళ్ళు పిలిచాడో, ద్రాక్షతోట కూలీలూ, సీసాలు కడిగేవాళ్ళూ, చివరికి ఆ వైనరీ యజమానురాలూ అదే పట్టుకున్నారు. సొంతపేరు పెట్టి పిలిస్తే ఆమె వెంటనే పలకదు. ఎవర్నో అనుకుంటుంది.

మరిదికీ ఓ మారుపేరుంది. సున్నాలాయన అంటారు. ఎందుకంటే, నేలమాళిగలో వరసగా పడుకోబెట్టిన పీపాల్లో ఏ పీపా వైన్ బాగుంటే దాని మీద సుద్దముక్కతో సున్నా చుడతాడు. ఇంకొన్నాళ్ళు ఆగాలంటే నిలువుగీత. పనికిరాదంటే అడ్డంగా కొట్టివేత. లోకంలో అందరూ సున్నా వస్తే ఏడుస్తారు, ఆ వైనరీలో మాత్రం సున్నా వస్తే పండగే.

ఇక వదిన భర్త సంగతి. ఆయన పీపాల మేస్త్రీ. కారే పీపాకి బద్ద మార్చడం, వదులైన ఇనుపపట్టీ బిగించడం ఆయన పని. రోజంతా సుత్తి చప్పుడులో ఉంటాడు కాబట్టి మాటలు తక్కువ, వినికిడి ఇంకా తక్కువ. భార్య మాటలు మరీ తక్కువ వినిపిస్తాయి.

ఆ వైనరీలో ఓ పాతకాలపు కట్టుబాటు ఉంది. వైనరీని మొదలుపెట్టిన పెద్దాయన పెట్టిన నియమం అది. భోజనంలోకి తాగే వైన్‌ని భోజనంలోనే చూడాలి, నిలబడి చూడకూడదు. బయట పట్నాల్లో వైన్ రుచి చూసేవాళ్ళు నోట్లో పుక్కిలించి ఉమ్మేస్తారట. ఆ ముక్క మొదటిసారి విన్నరోజు వదిన సాయంత్రం దాకా నవ్వుతూనే ఉంది. ఇక్కడ అలా కాదు. చలికాలం వెళ్ళగానే రోజుకో పీపా చొప్పున, గాజుగొట్టంతో కూజాలోకి వైన్ తీసి, మధ్యాహ్నం వంటింటి బల్ల మీద పెడతారు. బల్ల ముందు ముగ్గురే. అన్నదమ్ములిద్దరూ, వదినా. మరిది వేడివేడిగా నాలుగు ముద్దలు తిని, ఒక గుక్క వేసి, కళ్ళు మూసుకుని, ఇంకో ముద్ద తిని ఇంకో గుక్క వేసి, చెయ్యి కడుక్కుని నేలమాళిగలోకి దిగి గుర్తు పెట్టి వస్తాడు. ఆ గుర్తుకి తిరుగులేదు. యజమానురాలు కూడా మారుమాట్లాడదు.

అసలు చిత్రం ఏమిటంటే, వదిన వైన్ తాగదు. కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో ఒకసారి తాగి, కడుపులో మంట పుట్టి, మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు. అప్పట్లో ఆ వంటిల్లు అత్తగారిది. అత్తగారు మోకాళ్ళు పట్టేసి గరిటె కోడలి చేతికిస్తూ, "తాగకపోతే మరీ మంచిది. నువ్వు తాగేవాడి మొహం చూసి వండు, చాలు" అంది. వదిన అదే చేసింది. మరిది ఎడమ కనుబొమ కొంచెం లేస్తే కొవ్వు చాల్లేదని అర్థం. ముక్కు పక్కన ముడత పడితే వంటలో తీపి ఎక్కువైందని. పెదవులు రెండూ మూసుకుని, లోపల నాలుక మెల్లగా తిరుగుతుంటే, ఆహా, ఇవాళ వంటా వైనూ కుదిరాయని. అలా వేరేవాడి మొహంలో రుచి చదువుకుంటూ ముప్పై ఎనిమిదేళ్ళు వండింది. ఆమె పెళ్ళయి వచ్చేనాటికి మరిదికి మీసాలు కూడా రాలేదు. పెళ్ళి చేసుకున్నాడు, ఆ పిల్ల జబ్బుచేసి మూడేళ్ళకే పోయింది, మళ్ళీ చేసుకోనన్నాడు. పొద్దున్నా, మధ్యాహ్నం, రాత్రి అతను తినేది వదిన చేతి తిండే.

కిందటేడు ద్రాక్షకోతలప్పుడు ఆ మరిది నిచ్చెన మీంచి పడిపోయాడు. ఎత్తేం కాదు, రెండు మెట్లు. కానీ కాలు జారి పడలేదు, కళ్ళు తిరిగి పడ్డాడు. డాక్టరు బీపీ చూసి, ఇంకోసారి చూసి, బిళ్ళలు రాసిచ్చి, "ఉప్పు సగానికి సగం తగ్గించాలి" అన్నాడు. మరిది బయటికి నడిచాక వదినని వెనక్కి పిలిచి, "ఇంట్లో వండేది మీరేనా? ఈసారి పడితే లేపడం కష్టమమ్మా, మీ చేతుల్లో ఉంది" అన్నాడు.

దారిలో మరిది ఒకటే గొణుగుడు. "ఉప్పు లేకుండా ఆయన్ని తినమను చూద్దాం! బిళ్ళలు వేసుకుంటా, కాదనను. నువ్వు మాత్రం ఆ ఉప్పు మాట చెవిన పెట్టకు వదినా. నీ వంట నీ వంటలానే ఉండాలి."

"సరేలేరా, నీ మాటే కానీ" అంది వదిన.

ఆ సరేలే పచ్చి అబద్ధం. ఆమె మరిదితో ఆడిన మొదటి అబద్ధం అది కాకపోవచ్చు గానీ, అంత పెద్దది మాత్రం ఎప్పుడూ ఆడలేదు. ఆ వచ్చిన సోమవారమే మాంసంలో ఒక చిటికెడు తగ్గించింది. పై సోమవారం ఇంకో చిటికెడు. రొట్టె పిండిలో తగ్గించింది. చిక్కుడుగింజల్లో తగ్గించింది. చీజ్ అడిగితే ఎలుకలు కొట్టేశాయంది. నాలుగు పిల్లులు తిరిగే ఆవరణలో ఎలుకలట! బల్ల మీద ఉప్పుగిన్నె ఏదంటే చెమ్మగిల్లితే పారబోశానంది. మరి వంట చప్పిడి అని పట్టుబడితే? దానికీ ఉపాయం చేసింది. ఉల్లిపాయలు గంటసేపు సన్నసెగ మీద గోధుమరంగు వచ్చేదాకా వేయించి దండిగా వేసేది. ఎండబెట్టిన పుట్టగొడుగులు పొడికొట్టి పులుసులో కలిపేది. కూరలు కమ్మగా, తియ్యతియ్యగా వచ్చేవి. ఉల్లిపాయ తీపి కూడా తీపేనని ఎవరికి తోస్తుంది చెప్పండి? ఆమెకీ తోచలేదు. చలికాలం గడిచేసరికి ఉప్పు సగం కాదు, మూడోవంతుకి దిగిపోయింది. మరిది బీపీ కూడా దిగింది. డాక్టరు మెచ్చుకున్నాడు. వదిన లోలోపల ఎంత పొంగిపోయిందో చెప్పలేం.

చలి తగ్గింది, పీపాలు చూసే రోజులు వచ్చాయి.

మొదటి పీపా రోజున వదిన కాల్చిన వంకాయా, కొవ్వుమాంసం చేసింది. మరిది తిన్నాడు. గుక్క వేశాడు. మొహం మాడిపోయింది. ఇంకో ముద్ద తిని ఇంకో గుక్క వేసి, గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏరా, కుదరలేదా?" అంది వదిన.

"వంటకేం, బాగుంది. వైనే..." అని ఆగి, అన్నవైపు చూశాడు. "నీకెలా ఉందన్నయ్యా?"

పీపాల మేస్త్రీ గ్లాసు ఖాళీచేసి, "బంగారంలా ఉంది" అన్నాడు.

"ఈయనకి పీపాలో వాననీళ్ళు పోసిచ్చినా బంగారమే" అని వదిన కొట్టిపారేసింది. మరిది వెళ్ళి ఆ పీపా మీద నిలువుగీత గీసి వచ్చాడు.

రెండో రోజూ అంతే. మూడో రోజు కొట్టివేత. రెండు వారాల్లో పన్నెండు పీపాలు చూశాడు, ఒక్క సున్నా పడలేదు. పని చేసేవాళ్ళు నేలమాళిగలో గుసగుసలు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మరిది మొదట వానల్ని తిట్టాడు. తర్వాత పీపాల్ని అనుమానించి, ఒక్కో పీపా మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. అన్నని కూర్చోబెట్టి, ఏ కర్ర వాడావు, పీపా లోపలివైపు నిప్పుసెగకి ఎంత కాల్చావు అని నిలదీశాడు. పాపం ఆయనకి సగం ప్రశ్నలు వినబడనే లేదు.

చివరికి యజమానురాలు వంటింటికి వచ్చింది. నలభై దాటిన మనిషి గానీ, ఆ పీపాల మధ్యే పాకి పెరిగిన పిల్ల కాబట్టి, అతన్ని బాబాయ్ అంటుంది.

"బాబాయ్, నువ్వు గీసిన గీత నేను చెరపను. కానీ చెప్పాలి కదా. నేను ఇంట్లో భోజనంలో తాగి చూశాను, నాకు బాగానే ఉంది. పరీక్షకి కూడా పంపించాను. వైన్‌లో ఏ దోషమూ లేదని రాసి పంపారు."

మరిది తన ముందున్న గ్లాసు పక్కకి జరిపాడు. తర్వాత నెమ్మదిగా, "అయితే దోషం నాలో ఉందమ్మాయ్" అన్నాడు.

ఆమె వద్దంటున్నా వినలేదు. మర్నాడు పొద్దున పదింటికి నేలమాళిగలో అందరి ముందూ సుద్దముక్క అప్పగించేస్తానన్నాడు. పట్నం నుంచి రుచి చూసే మనిషిని పిలిపించమన్నాడు. తనకి గేటు దగ్గర కాపలా పని ఇస్తే చాలన్నాడు. గేటు దగ్గర! ముప్పై ఏళ్ళు ఆ వైన్ తలరాత రాసినవాడు పోయి పోయి గేటు తీసి గేటు వేస్తాడట. పొయ్యి దగ్గర నిలబడి వింటున్న వదిన గరిటె తిప్పడం మరిచిపోయింది.

యజమానురాలు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాక, మరిది వదిన వైపు తిరిగి నవ్వబోయాడు. "నాన్నకీ చివరి రోజుల్లో ఇంతే కదా వదినా. ఏం పెట్టినా గడ్డి తిన్నట్టుందనేవాడు. నాకూ అంతే అయింది. ఈమధ్య ఏం తిన్నా ఒకేలా ఉంటోంది. నువ్వు కష్టపడి చేసినవి కూడా..." అని ఆపేసి, పళ్ళెంలో సగం అలాగే వదిలేసి లేచాడు.

పిచ్చిది, వదినకి అప్పటికీ తట్టలేదు! ఉప్పు తన వంటింటి వ్యవహారం, వైన్ రుచి అతని వ్యవహారం. ఆ రెంటికీ మధ్య తలుపుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. బిళ్ళలు పడక నాలుక మొద్దుబారిందేమోనని డాక్టర్నే నానా మాటలూ తిట్టుకుంది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి పీపాల మేస్త్రీకి ఉడకబెట్టిన గుడ్లూ రొట్టే పెట్టి, గిన్నెలు తోమడానికి అటు తిరిగింది. ఏదో మరిచిపోయి వెంటనే ఇటు తిరిగింది. ఆయన చొక్కాజేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి, గుడ్డు మీద ఏదో తెల్లగా చల్లుకుంటున్నాడు.

"ఏంటది?"

ఆయనకి వినబడింది. ఆశ్చర్యం, ఆ ఒక్కమాటా మొదటిసారికే వినబడింది.

"ఏం లేదే. కాస్త ఉప్పు."

"ఎన్నాళ్ళ నుంచి?"

పీపాల మేస్త్రీ నీళ్ళు నమిలాడు. "చలికాలం మొదట్నుంచి. నువ్వేదో వాడి కోసం తగ్గించావని నాకు తెలుసులే. వాడికి మంచిదని నేనూ నోరెత్తలేదు. కానీ నాకెందుకే ఆ చప్పిడి కూడు? అటు తిరిగినప్పుడల్లా కాస్త చల్లుకుంటున్నా."

వదినకి ఒళ్ళు మండిపోయింది. పొట్లం లాక్కుని, నాలుగు తిట్టడానికి నోరు తెరిచి, అలాగే నిలబడిపోయింది. ఈయన రోజూ ఉప్పు చల్లుకునే తిన్నాడు. ఈయనకి వైన్ బంగారంలా ఉంది. యజమానురాలు తన ఇంట్లో తన వంట తిని తాగింది. ఆమెకీ బాగుంది. బాగాలేనిది ఒక్కడికే. ఆ ఒక్కడూ తింటున్నది...

నిలువునా నీరైపోయింది మనిషి.

అలమరలో నిన్నటి కూజా ఉంది, అడుగున ఇంకా వైన్ ఉంది. అది గ్లాసులో పోసుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత! ముందు నిన్నటి మాంసం, ఉల్లిపాయలూ పుట్టగొడుగులూ వేసి వండినది, చల్లగానే ఒక ముక్క నమిలి గుక్క వేసింది. అమ్మో! నాలుక మీద ఇసక్కాగితం గీసినట్టయింది. చేదు గొంతు దాకా పాకింది. మరిది మొహం ఎందుకలా మాడిపోయేదో అప్పుడు తెలిసింది. అదే మాంసం ఇంకో ముక్క మీద పొట్లంలో ఉప్పు రెండు వేళ్ళతో చల్లి, నమిలి, మళ్ళీ తాగింది. వగరు తల వంచింది. వెనకాల ఎక్కడో ద్రాక్షపండు వాసన వచ్చింది. వదిన గ్లాసు వంక నోరు తెరుచుకుని చూసింది. ఇంత బాగుంటుందా ఇది? ఇన్నేళ్ళూ వీళ్ళిద్దరూ నా ముందు కూర్చుని ఇది తాగుతున్నారా?

పీపాల మేస్త్రీ గుడ్డు చేత్తో పట్టుకుని, "ఏమైందే నీకు? పొద్దున్నే తాగుతున్నావు?" అన్నాడు.

"మీరు నోర్మూసుకుని ఆ నిమ్మకాయ ఇటివ్వండి."

ఉప్పు కుదిరితే పులుపు ఎందుకు కుదరదని ఆమెకి తోచింది. వంటమనిషి బుర్ర కదా, ఏడుపొస్తున్నా పనిచేస్తుంది. ఉల్లిపాయలూ పుట్టగొడుగులూ పక్కకి నెట్టి, ఉత్త మాంసం ముక్క మీద నిమ్మరసం పిండి, ఉప్పు కొనగోట తాకించి తింది. తాగింది. ఉప్పుతో కుదిరినంత కాకపోయినా, కుదిరింది. వగరు అణిగింది.

ఇప్పుడేం చెయ్యాలి? అడకత్తెరలో పడ్డట్టయింది. చెబితే, వాడికి తెలియకుండా వాడి తిండి మార్చి, వాడి నాలుకకే వాణ్ణి పరాయి చేసింది తనేనని ఒప్పుకోవాలి. పైగా కోపంతో మళ్ళీ గుప్పెళ్ళతో ఉప్పు తినడం మొదలుపెడితే? చెప్పకుండా ఇవాళ్టి నుంచి నిమ్మకాయ పిండి పెడితే, ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఆలోచన కాసేపు ఎంతో ముద్దొచ్చింది ఆమెకి. కానీ గోడగడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. పదింటికి వాడు సుద్దముక్క ఇచ్చేస్తాడు. రుచి తెలియదని అందరి ముందూ ఒకసారి ఒప్పుకున్నాక, రేపు నిమ్మకాయ పెట్టినా ఆ బల్ల దగ్గరికి వాడు మళ్ళీ రాడు. ఆమెకి వాడి సంగతి తెలుసు.

మాంసం రెండు గరిటెలు వేరే గిన్నెలోకి తీసి, ఉల్లిపాయలు ఏరేసి, పొయ్యి మీద పెట్టింది. కొవ్వు చిటపటమనేదాకా వేడిచేసి, నిమ్మరసం పిండి, చిటికెడు ఉప్పు వేసి, పళ్ళెంలో పెట్టుకుని, కొంగు దోపుకుని నేలమాళిగ మెట్లు దిగింది. పీపాల మేస్త్రీ కూజా పట్టుకుని వెనకాలే పరుగెత్తాడు.

కింద అందరూ నిలబడి ఉన్నారు. సీసాలు కడిగే ఆడవాళ్ళూ, ద్రాక్షరసం తీసే ప్రెస్సు తిప్పేవాళ్ళూ, యజమానురాలూ. మరిది ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ చొక్కా చూసేసరికి వదినకి దుఃఖం ముంచుకొచ్చింది.

"ఆగరా!" అని కేకేసింది.

"ఏంటి వదినా?"

"కూర్చో."

"ఇక్కడెక్కడ కూర్చోను?"

"ఎక్కడో అక్కడ కూర్చో! నిలబడి తినే అలవాటు మనకి లేదు."

ఎవరో సీసాల పెట్టె బోర్లించారు. మరిది అయోమయంగా కూర్చున్నాడు. వదిన పళ్ళెం అతని ఒళ్ళో పెట్టింది. "తిని తాగు. ముందు తిని తాగు, తర్వాత మాట్లాడుకుందాం."

అతను ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపి, ఆమె వంక చూశాడు. మళ్ళీ నమిలాడు. గ్లాసు అందుకుని గుక్క వేశాడు. కళ్ళు మూసుకున్నాడు. నేలమాళిగలో ఒక్కరూ కదల్లేదు. వదిన అతని మొహంలోంచి కళ్ళు తిప్పలేదు. ఎడమ కనుబొమ కదల్లేదు. ముక్కు పక్కన ముడత లేదు. పెదవులు మూసుకున్నాయి, లోపల నాలుక మెల్లగా తిరిగింది.

"ఇది ఏ పీపా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"నిన్న నువ్వు కొట్టేసిందే" అన్నాడు అన్న.

"అబద్ధం."

"నీ మీదొట్టు."

అప్పుడు వదిన చెప్పేసింది. అందరి ముందూ, గుక్క తిప్పుకోకుండా. సోమవారం చిటికెల సంగతి, చెమ్మగిల్లని ఉప్పుగిన్నె సంగతి, పుట్టగొడుగుల పొడి, ఎలుకలు కొట్టని చీజ్, పీపాల మేస్త్రీ జేబులో పొట్లం. "నీ నాలుకకేం కాలేదురా. నేనే చేశాను. నువ్వు మళ్ళీ పడిపోతావని భయమేసి చేశాను. నువ్వు లేకుండా ఆ బల్ల ముందు ఎలా కూర్చోవాలో నాకు తెలియదు. తిట్టుకుంటే తిట్టుకో."

యజమానురాలు ముందుగా తేరుకుంది. "పట్నం ఆయనకి ఇప్పుడే ఫోన్ చేసి రావద్దంటాను" అని, నవ్వో ఏడుపో తెలియని మొహంతో మెట్లెక్కి పరుగెత్తింది. సీసాలు కడిగే ఆడవాళ్ళలో పెద్దావిడ, "ఉప్పు చేసిన పనా ఇది! వైన్‌నీ మనిషినీ ఇద్దర్నీ తిట్టుకున్నాం కదే" అని బుగ్గలు నొక్కుకుంది. మరిది తిట్టలేదు. పళ్ళెం ఖాళీచేశాడు. గ్లాసూ ఖాళీచేశాడు. లేచి, చొక్కాచేతి అంచుతో ఆ పీపా మీది కొట్టివేత తుడిచి, దాని మీద సున్నా చుట్టాడు. ఎంత పెద్ద సున్నా అంటే పీపా మొహం మొత్తం నిండిపోయింది. అందరూ ఈలలు వేశారు.

ఆ మధ్యాహ్నం నుంచి కొత్త ఒప్పందం కుదిరింది. రోజంతా అతని తిండి డాక్టరు చెప్పినట్టే ఉండాలి. పీపా చూసే నాలుగు ముద్దలకి మాత్రం ఒక చిటికెడు ఉప్పూ, అరచెక్క నిమ్మకాయా. ఉల్లిపాయలు వేయించి గుమ్మరించడం బంద్. చీజ్ గోరంత. ఈ షరతులన్నీ వదిన పెట్టింది, మరిది తల ఊపాడు, పీపాల మేస్త్రీ తన పొట్లం తనకి ఇప్పించమని అడిగి చీవాట్లు తిన్నాడు.

బల్ల ముందు ముగ్గురూ సర్దుకున్నాక, వదిన వడ్డిస్తూ వడ్డిస్తూ ఉండబట్టలేక అడిగేసింది.

"అన్ని నెలలు ఆ చప్పిడి తిండి తిన్నావు. పోనీ దాంతో వైన్ రుచి చెడుతుందని నాకు తెలియదనుకో, చప్పగా ఉందని నీకైనా తెలియలేదా? ఒక్కరోజు 'వదినా, ఉప్పు తగ్గింది' అని ఒక్కమాట అంటే సరిపోయేది కదరా! ఇంత దూరం వచ్చేదా?"

మరిది రొట్టె తుంచుతూ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఇంతవరకూ ఆ సంగతి తనకీ తట్టనట్టు.

"వానలు ఎక్కువయ్యాయేమో అనుకున్నా. అన్నయ్య పీపాలు సరిగా కాల్చలేదేమో అనుకున్నా. పరీక్ష చేసినవాళ్ళు సరిగా చూడలేదేమో అని కూడా అనుకున్నా. చివరికి నా నాలుకే చచ్చిపోయిందని తేల్చుకున్నా" అన్నాడు. "నీ వంటలో తేడా ఉండొచ్చని మాత్రం తోచనే లేదు వదినా."

గరిటె గిన్నెలో జారిపోయింది. అతను కళ్ళెర్ర చేసి నాలుగు తిట్టినా ఆమె నిలబడి పడేదే, అందుకు సిద్ధపడే ఉంది. ఈ మాటకి సిద్ధంగా లేదు. వానల్నీ, అన్ననీ, ఆఖరికి తన ఒంట్లో నాలుకనీ కాదనుకున్నాడు గానీ, తనని అనుమానించలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పొయ్యి వైపు తిరిగి, వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇంత నమ్మకం పనికిరాదురా" అంది చాలాసేపటికి. "ఇకమీదట తేడా ఉంటే మొహాన చెప్పు."

"చెబుతాలే. నువ్వు ముందు కూర్చుని తిను, చల్లారిపోతోంది" అన్నాడు మరిది, కుర్చీ ఇటు లాగుతూ.

పీపాల మేస్త్రీ మూడో గ్లాసులో కూడా వైన్ పోశాడు. వదిన ముక్కు తుడుచుకుని, కూర్చుని, ముందు ఒక ముద్ద తింది.